ఓడ విశాఖలో ఆగిన పూట కాలినడకన ఊరు చూడడం ఎలా

విహార నౌకలో విశాఖపట్నం వచ్చేవారిలో చాలామంది ఓడ దిగగానే కారెక్కి కైలాసగిరికో, సింహాచలానికో బయలుదేరుతారు. మరికొందరు అరకు కూడా చూసి రావచ్చునా అని అడుగుతారు. అరకు లోయకు ఒకవైపు ప్రయాణానికే మూడు గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఒక పూట విరామంలో దాని మాట మరచిపోవడం మంచిది. సింహాచలం, కైలాసగిరి కుదురుతాయి గాని, సగం సమయం కారు అద్దాల వెనకే గడిచిపోతుంది. విశాఖ పుట్టి పెరిగిన పాత పట్నం, అంటే ఇక్కడివారు వన్‌టౌన్ అని పిలిచే ప్రాంతం, రేవును ఆనుకునే ఉంది. కొండలు, కోటవీధి, బంగారు దుకాణాలు, కనకమహాలక్ష్మి గుడి, రాతి కట్టడాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఓడ ప్రయాణికునికి ఇంతకంటే అనువైన చోటు ఈ నగరంలో మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ నడకను ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ వరుసలో నడవాలో, వేళకు ఎలా తిరిగి రావాలో వివరిస్తాను.

ముందు గడియారం, తరువాతే పటం

నడక ప్రణాళికను ఎప్పుడూ చివరి నుంచి మొదటికి వేసుకోవాలి. ఓడ బయలుదేరే వేళ ఒకటి, ప్రయాణికులందరూ ఓడ ఎక్కేయవలసిన వేళ మరొకటి. మీకు లెక్క రెండోదే. ఉదాహరణకు ఓడ ఉదయం 7 గంటలకు రేవుకు చేరి సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందని, 4 గంటలకల్లా అందరూ ఎక్కాలని చెప్పారనుకోండి. పోర్టు గేటు వద్ద తనిఖీకి, అక్కడి నుంచి టెర్మినల్‌కు చేరడానికి ఒక గంట విడిచిపెడితే 3 గంటలకు మీరు గేటు దగ్గర ఉండాలి. నగరంలో వాహనం దొరకకపోవడానికి, దారిలో రద్దీకి ఇంకో గంట తీసివేస్తే, 2 గంటలకు మీ కాళ్లు రేవు వైపు తిరగాలి. ఉదయం దిగడానికి వరుసలో నిలబడి బయటపడేసరికి ఎనిమిదిన్నర అవుతుందనుకుంటే మీ చేతిలో నికరంగా మిగిలేది అయిదున్నర గంటలు. అందులో కూర్చోవడానికి, తినడానికి, నీడలో ఆగడానికి పోను నడక మూడు గంటలకు మించకుండా చూసుకోవాలి.

విదేశీ రేవుల నుంచి వచ్చే ఓడల్లో మరో మెలిక ఉంటుంది. ఓడ గడియారం ఒక్కోసారి భారత కాలమానానికి మార్చకుండానే ఉంటుంది, చేతిలోని ఫోన్ మాత్రం ఒడ్డు సిగ్నల్ అందగానే తనంతట తాను మారిపోతుంది. దిగే ముందు ఓడ సమయం, ఊరి సమయం ఒకటేనా అని సిబ్బందిని అడిగి, తిరిగి రావలసిన వేళను ఊరి సమయంలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. చెన్నై నుంచి వచ్చే దేశీయ నౌకల్లో ఈ చిక్కు ఉండదు.

వెంట ఏమి ఉండాలి

ఓడవారు ఇచ్చిన కార్డు, ఫోటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒరిజినల్ తప్పనిసరి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు ఇమిగ్రేషన్ అధికారులు ఇచ్చిన కాగితాన్ని విడిచి అడుగు వేయకూడదు. పాస్‌పోర్టు ఓడలోనే ఉంచుకున్నట్లయితే దాని నకలు దగ్గర ఉంచుకోండి. ఓడలో రోజూ పంచే కార్యక్రమ పత్రంలో స్థానిక పోర్టు ఏజెంటు, అంటే రేవులో ఓడ తరఫున పనులు చూసేవారి, ఫోన్ నంబరు అచ్చువేస్తారు. ఆ పత్రాన్ని మడిచి పర్సులో పెట్టుకోండి, నంబరును ఫోన్‌లో ఎక్కించి ఊరుకోవద్దు, ఎందుకంటే ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజే దానితో పని పడుతుంది.

చెప్పుల విషయంలో శ్రద్ధ పెట్టండి. ఈ నడకలో గుడి, దర్గా ఉన్నాయి కాబట్టి తేలికగా విడిచి వేసుకోగలిగినవీ, మెట్ల మీద జారనివీ అయిన చెప్పులు కావాలి. ఎండ ముదిరాక రాతి మెట్లు అరికాళ్లను కాల్చేస్తాయి, ఒక జత మేజోళ్లు సంచిలో ఉంటే ఆ బాధ తప్పుతుంది. మనిషికి ఒక లీటరు నీరు, టోపీ లేదా గొడుగు, తలమీద కప్పుకోవడానికి పనికివచ్చే కండువా లేదా చున్నీ, పది, ఇరవై రూపాయల చిల్లర నోట్లు కూడా ఉంచుకోండి. దుకాణాల్లో ఫోన్‌తో చెల్లింపు జరిగిపోతుంది గాని షేర్ ఆటోకూ, బుట్టలో పూలమ్మే అమ్మకూ చిల్లరే సులువు. రేవు పరిసరాల్లో బొగ్గు, ఖనిజాల ధూళి గాలిలో ఉంటుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారు మాస్కు, తమ మందు దగ్గర ఉంచుకోవాలి. పాత పట్నంలో శుభ్రమైన మరుగుదొడ్డి వెతుక్కోవడం కష్టం కనుక ఆ పని టెర్మినల్‌లోనే ముగించుకుని బయలుదేరండి.

పోర్టు దాటడం

విహార నౌకల కోసం కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ వెలుపలి రేవులో ఉంది. 2023 సెప్టెంబరులో దానిని ప్రారంభించారు. పోర్టు ఆవరణ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలాలో ఉంటుంది, లోపల కంటెయినర్ లారీలు, క్రేన్లు తిరుగుతుంటాయి. కాబట్టి టెర్మినల్ నుంచి గేటు వరకు నడవాలన్న ఆలోచన పెట్టుకోకుండా ఓడవారు లేదా టెర్మినల్‌వారు ఏర్పాటు చేసిన వాహనంలోనే బయటకు రావాలి. ఆ వాహనం ఏ గేటు వద్ద దింపుతుందో, తిరిగి ఎక్కడి నుంచి ఎక్కించుకుంటుందో, చివరి వాహనం ఎన్నింటికో దిగే ముందే అడిగి తెలుసుకోండి. గేటు బయట నిలబడి ఒక ఫోటో తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పోర్టు గేట్లు, నౌకాదళ ఆవరణలు, గోడలపై హెచ్చరిక రాసి ఉన్న చోట్లు ఫోటోలకు నిషిద్ధం. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న నగరం, ఈ విషయంలో సడలింపు ఉండదు. డ్రోన్ అయితే ఓడలోనే విడిచి రండి.

గేటు బయట ఆటోలు, ట్యాక్సీలు మిమ్మల్ని చుట్టుముడతాయి. మొత్తం రోజుకు బేరం చేయకండి. పాత పోస్టాఫీసు వరకు వెళ్లాలి అని మాత్రమే చెప్పి, ధర ఎక్కే ముందే తేల్చుకోండి, లేదా ఫోన్ యాప్‌లో ఆటో పిలవండి. దూరం తక్కువే కదా అని ఇక్కడి నుంచే నడక మొదలుపెట్టాలనిపించవచ్చు. రేవు రోడ్ల మీద, ముఖ్యంగా కాన్వెంట్ జంక్షన్ వైపు, సరుకు లారీలు వరుసగా వస్తుంటాయి, కాలిబాట ఉన్నచోట ఉంటుంది, లేనిచోట ఉండదు. ఆ కొద్ది దూరం చక్రాల మీద దాటి, బలాన్ని చూడదగిన వీధుల కోసం దాచుకోండి.

దిక్కు తెలుసుకునే సులువు

విశాఖలో దారి తప్పడం కష్టం. పాత పట్నంలో ఎక్కడ నిలబడినా దక్షిణాన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీది దీపస్తంభం ఏదో ఒక సందు చివర కనిపిస్తాయి. మీ ఓడ ఆ కొండకు ఇవతలి వైపు ఉంది. సముద్రపు ఒడ్డు రోడ్డు మీద ఉన్నప్పుడు సముద్రం మీ కుడిచేతి వైపు ఉంటే మీరు ఓడకు దూరంగా, ఉత్తరానికి నడుస్తున్నారు. అది ఎడమచేతి వైపు ఉంటే రేవు వైపు తిరిగివస్తున్నారు. పటం చూడకుండా ఈ రెండు గుర్తులతోనే రోజంతా నడవవచ్చు.

దారి అడగవలసి వస్తే వీధి పేరు చెప్పి లాభం లేదు, జంక్షన్ పేరు చెప్పాలి. ఇక్కడ ప్రతి కూడలీ జంక్షనే, ప్రతి ఎత్తుపల్లమూ ‘అప్’, ‘డౌన్’. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్, ఏవీఎన్ కాలేజీ డౌన్ అంటే ఆ కట్టడాల దగ్గర దిగే వాలు రోడ్లు. దారిన పోయేవారికంటే దుకాణంలో కూర్చున్నవారిని అడగండి. “మాస్టారూ, కురుపాం మార్కెట్‌కి ఇటేనా?” అంటే చాలా సార్లు గల్లాపెట్టె వదిలి మెట్ల దాకా వచ్చి చెయ్యి చూపిస్తారు.

మొదటి మజిలీ: ఎండ ముదరక ముందే ఒక కొండ

పాత పోస్టాఫీసు దగ్గర దిగగానే చేయవలసిన మొదటి పని కొండ ఎక్కడం. రేవును ఆనుకుని పక్కపక్కనే మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. మొదటిదాన్ని రాస్ హిల్ అంటారు, 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆ పేరు వచ్చింది. వేంకటేశ్వరస్వామి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే ఆంగ్ల కెప్టెన్ కట్టించాడని చెబుతారు. దర్గా గురించి పాతవారు చెప్పే మాట ఓడ ప్రయాణికులు వినదగినది. రేవులోకి వచ్చే ఓడలూ, విడిచిపోయే ఓడలూ జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఆ కొండకు వందనం చేసి సాగేవట.

మూడింటినీ ఎక్కాలని పంతం పట్టవద్దు, ఒకటి చాలు. నన్నడిగితే రాస్ హిల్ ఎక్కమంటాను. అక్కడి నుంచి కిందికి చూస్తే డాల్ఫిన్ నోస్‌కూ ఈ ఒడ్డుకూ మధ్య ఇరుకుగా సాగే నీటి కాలువ కనిపిస్తుంది. సరుకు ఓడలు ఆ కాలువ గుండానే లోపలి రేవులోకి వెళ్లాలి. మీ అదృష్టం బాగుండి ఆ వేళకు ఒక పెద్ద ఓడ వస్తే, ముందొకటి, వెనకొకటి టగ్గు పడవలు దానిని పట్టి నెమ్మదిగా నడిపించుకు వెళ్లడం, ఇళ్ల కప్పుల మీదుగా దాని చిమ్నీ కదిలిపోవడం కళ్లారా చూడవచ్చు. ఒకప్పుడు ఆ లోపలి ప్రాంతమంతా మేహాద్రి గెడ్డ వచ్చి కలిసే చిత్తడి నేల. దానిని తవ్వి, పూడిక తీసి, కాలువ ముఖద్వారం వద్ద అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి ఈ రేవును కట్టారు. 1933 అక్టోబరు 7న ఇందులోకి తొలిసారి వచ్చిన ‘జలదుర్గ’ ప్రయాణికుల నౌకే. మీ ఓడ ఆగిన రేవుకు అంత చరిత్ర ఉంది. కొండపైన కెమెరా తీసే ముందు మాత్రం నౌకాదళ ఆవరణ వైపు గురిపెట్టకుండా చూసుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవారు పైవరకు ఆటోలో వెళ్లి నడిచి దిగవచ్చు. డాల్ఫిన్ నోస్ మీదికే వెళ్లాలని ముచ్చటపడేవారు ఒక సంగతి గమనించాలి. ఎదురుగా చేయి చాస్తే అందేటట్లు కనిపించినా మధ్యలో కాలువ ఉంది. రోడ్డున వెళ్లాలంటే లోపలి రేవు మొత్తాన్ని చుట్టి సింధియా మీదుగా యారాడ వైపు పోవాలి. నడక విరామంలో అది కుదరదు.

రెండో మజిలీ: కోటవీధి నుంచి రాణి బొమ్మ దాకా

కొండ దిగాక కోటవీధి, టౌన్ హాల్ పరిసరాల్లో తొందర లేకుండా తిరగండి. ఇక్కడ చూడవలసింది ఫలానా కట్టడం అని గుర్తుపెట్టుకుని పరుగెత్తే అవసరం లేదు. రాతి గోడల పాత బడులు, చర్చిలు, కర్ర దూలాల మేడలు, వాటి పక్కనే పెంకుటిళ్లు, వాటి అరుగులు, ఇవే ఈ వీధుల సొగసు. ఇక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాల 1847 నాటిది. సి.వి. రామన్ బాల్యంలో చదివింది ఆ బడిలోనే. ఆయన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. పాఠశాలలు నడిచే వేళల్లో లోపలికి వెళ్లే ప్రయత్నం చేయకుండా బయటి నుంచే చూసి సాగిపోవాలి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకలకూ, ఆంగ్లేయుల సెంచూరియన్ అనే నౌకకూ ఫిరంగుల పోరు జరిగింది ఈ ఒడ్డు ముందరే. టౌన్ హాల్ వైపు నుంచి సముద్రం కనిపించే చోట ఒక్క నిమిషం ఆగి ఆ దృశ్యాన్ని ఊహించుకోవచ్చు.

అక్కడి నుంచి లోపలికి నడిస్తే విక్టోరియా రాణి కంచు విగ్రహం ఉన్న కూడలి వస్తుంది. ఊరివారు దానిని రాణి బొమ్మ అంటారు, మీరూ అలాగే అడగాలి. ఈ వీధుల్లో కాలిబాటలు ఇరుకు, ఉన్నవాటి మీద కూడా బళ్లు నిలిపి ఉంటాయి. అందువల్ల రోడ్డుకు కుడిపక్కగా, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేటట్లు, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. పిల్లలను గోడ వైపు ఉంచండి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి, పసిపిల్లల బండి తోసుకువచ్చేవారికి ఈ భాగం పనికిరాదు. వారు ఈ మజిలీని వదిలి నేరుగా బీచ్ రోడ్డుకు వెళ్లడమే మేలు, అక్కడ కాలిబాట వెడల్పుగా, చదునుగా ఉంటుంది.

మూడో మజిలీ: కురుపాం మార్కెట్, బురుజుపేట అమ్మవారు

రాణి బొమ్మ నుంచి తీరిగ్గా నడిస్తే కొద్ది నిమిషాల్లోనే కురుపాం మార్కెట్ చేరతారు. ఇది బంగారు, వెండి దుకాణాల వీధి. కొనకపోయినా పరవాలేదు, సందుల్లో అరుగుల మీద కూర్చుని పనిచేసే కంసాలుల దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. మోకాలి ఎత్తు బల్ల, దాని మీద చిన్న దీపం, పెదవుల మధ్య ఊదుగొట్టం. గాలి ఊదితే దీపం మంట సూదిలా వంగి సరిగ్గా అతుకు మీద పడుతుంది. బల్ల కింద పరచిన గుడ్డ, రాలే పొడిని వృథా కానీయకుండా పట్టుకుంటుంది. పని జరుగుతుండగా ప్రశ్నలు వేయవద్దు, తల ఎత్తినప్పుడు పలకరిస్తే సంతోషంగా చెబుతారు.

పక్కనే బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. ఈ ఊరి ఇలవేల్పు ఆమె. మీరు చూసిన గుళ్లకు ఇది భిన్నంగా ఉంటుంది. అమ్మవారి మీద పైకప్పు ఉండదు, ఆకాశం కిందే కొలువై ఉంటుంది. కులభేదం, ఆడ మగ భేదం లేకుండా భక్తులు తమ చేతులతోనే పసుపు, కుంకుమ పెట్టి, నీళ్లో, పాలో పోసి పూజ చేసుకుంటారు. బావిలో దొరికిన విగ్రహమని, రోడ్డు కోసం ఒకసారి చోటు మార్చితే ఊరిలో జబ్బులు ప్రబలగా మళ్లీ యథాస్థానంలో నిలిపారని స్థల కథ. దర్శనానికి మామూలు రోజుల్లో అరగంట చాలు. గురువారాల్లో, అందులోనూ మార్గశిర మాసపు గురువారాల్లో అయితే వరుస వీధులు దాటుతుంది. మీ ఓడ నవంబరు చివర, డిసెంబరుల్లో గురువారం నాడు ఆగితే ఈ ప్రాంతానికి తెల్లవారుజామునే రావాలి, లేదా దూరం నుంచి దండం పెట్టుకుని సాగిపోవాలి. అటువంటి రోజున ఈ వీధుల్లోకి ఆటో రాదని కూడా లెక్క వేసుకోండి.

కడుపు నింపుకోవడానికి ఇదే సరైన చోటు. టౌన్ కొత్త రోడ్డు, మెయిన్ రోడ్డు దారుల్లో ఉదయం పూట జనం నిలబడి తినే టిఫిన్ బళ్లు, చిన్న హోటళ్లు ఉంటాయి. పెనం మీది నుంచి అప్పుడే దిగిన దోసె, ఆవిరి పొగలు కక్కే ఇడ్లీ నిశ్చింతగా తినవచ్చు. ముందే తరిగి పెట్టిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన రసాలు ఓడ ప్రయాణికులు తాకకపోవడం మంచిది, ఎందుకంటే సాయంత్రానికి కడుపు చెడితే సముద్రం మీద ఆ బాధ రెట్టింపవుతుంది. దాహానికి కొబ్బరిబొండాం, ఏప్రిల్, మే నెలల్లో అయితే తాటిముంజలు. ఇంటికి తీసుకువెళ్లడానికి మాడుగుల హల్వా అడిగి కొనుక్కోండి, ప్రయాణంలో త్వరగా పాడవదు.

నాలుగో మజిలీ: ఇక్కడ నిర్ణయం తీసుకోవాలి

మెయిన్ రోడ్డు వెంట పూర్ణా మార్కెట్ మీదుగా నడిస్తే జగదాంబ జంక్షన్ వస్తుంది. సినిమా హాలు పేరే కూడలి పేరైంది. పూర్ణా మార్కెట్‌లో పూలు, కూరగాయలు, స్టీలు సామాను, పచారీ దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. సంచిని వీపున కాక ముందుకు వేసుకోవాలి. జగదాంబ చేరగానే గడియారం చూడండి. మీరు రేవు వైపు తిరగవలసిన వేళకు ఇంకా కనీసం రెండు గంటల వ్యవధి ఉంటే బీచ్‌కు దిగండి. లేకపోతే ఇక్కడే ఒక హోటల్‌లో కూర్చుని భోజనం చేసి వెనక్కి మళ్లండి. ఈ నిర్ణయాన్ని ఇక్కడ తీసుకోమనడానికి కారణం ఉంది. జగదాంబ దాటి బీచ్ వాలు దిగాక సముద్రపు గాలికి సమయం తెలియదు, తిరుగు వాహనాలు కూడా అక్కడ సాయంత్రాలు, సెలవు దినాల్లో ఆలస్యంగా దొరుకుతాయి.

బీచ్‌కు వెళ్లాలనుకుంటే మహారాణిపేట మీదుగా నడవండి. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే ఏట మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, కొంచెం అవతల కలెక్టరేట్ రాతి కట్టడం ఈ దారిలోనివే. కేజీహెచ్ ముందు అంబులెన్సులకు, రోగుల బంధువులకు దారి విడిచి అవతలి వైపున నడవడం మర్యాద. కలెక్టరేట్ దాటి వాలులో దిగితే కోస్టల్ బ్యాటరీ దగ్గర బీచ్ రోడ్డు మీదకు వస్తారు. సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఉత్తరానికి సాగితే రామకృష్ణా బీచ్, కాళీమాత గుడి, ఇంకా ముందుకు 1971 యుద్ధ విజయ స్మారకం, ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి, దాని ఎదుట టీయూ-142 విమాన ప్రదర్శనశాల వస్తాయి.

కుర్సురా గురించి ఒక మాట. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఈ జలాంతర్గామి తప్పక చూడదగినది. 91 మీటర్ల ఇనుప గొట్టంలో గుండ్రటి తలుపుల గుండా వంగి వంగి వెళుతూ, రెండు అరల పడకలనూ, టార్పెడో గదినీ చూస్తే నావికుల జీవితం అర్థమవుతుంది. అయితే మామూలు రోజుల్లో దానిని మధ్యాహ్నం 2 గంటలకు తెరుస్తారు, సోమవారం సెలవు, ఆదివారాల్లో ఉదయం కూడా ఉంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 2 గంటలకు మీరు రేవు వైపు తిరగాలి. కాబట్టి సాయంత్రం పొద్దుపోయే దాకా ఆగే ఓడలో వచ్చినవారు, లేదా ఆదివారం వచ్చినవారు మాత్రమే దానిని ప్రణాళికలో పెట్టుకోవాలి. బయలుదేరే ముందు ఆ రోజు వేళలను మరోసారి సరిచూసుకోండి. వంగలేనివారు, ఇరుకు చోట్లలో ఊపిరి ఆడనట్లు అనిపించేవారు విమానం చూడడంతో తృప్తిపడవచ్చు.

ఈ తీరంలో నీళ్లలోకి దిగవద్దు. విశాఖ బీచ్‌లో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, ఈత వచ్చినవారు కూడా ఏటా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పాదాలు తడుపుకోవాలనుకున్నా జనం ఉన్న చోటనే, రాళ్లు లేని చోటనే, పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడాలి. ఇసుకలో కూర్చుని ముంత మసాలా తినడానికి మాత్రం అభ్యంతరం లేదు.

తెల్లవారుజామున చేరే ఓడలకు

వేసవిలో విశాఖలో అయిదున్నర కంటే ముందే పొద్దు పొడుస్తుంది. ఓడ అంత పొద్దున్నే చేరి, ప్రయాణికులను త్వరగా దింపితే వరుస మార్చి ముందుగా చేపలరేవుకు వెళ్లండి. మరబోట్లు ఒడ్డుకు చేరి, వంజరం, చందువ, కానాగంతలు తట్టల్లోకి దిగి, చుట్టూ మూగిన బేరగాళ్ల మధ్య వేలం పాట సాగే వేళ అదే. నేల తడిగా, జారుడుగా ఉంటుంది, ఐసు పెట్టెల తోపుడుబళ్లకు మీరే తప్పుకోవాలి. పాట పాడుతున్నవారికీ, తట్టకూ మధ్య నిలబడవద్దు. తట్ట ముందు కూర్చున్న అమ్మను “ఫోటో తీసుకోమంటారా అమ్మా?” అని అడిగి తీయండి, వద్దంటే కెమెరా దించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళితే వేలం ఉండదు, వలలు అల్లుకునేవారు, బోట్లకు రంగులు వేసేవారు కనిపిస్తారు. బీచ్ రోడ్డులో కూడా తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపి నడకవారికి విడిచిపెడతారు.

ఏ నెలలో ఎలా

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పైన చెప్పిన దారి అంతా హాయిగా నడవవచ్చు. మార్చి నుంచి జూన్ వరకు ఉక్కపోత ఎక్కువ, చెమట ఆరదు. పదకొండు గంటల నుంచి మూడు గంటల వరకు నీడ పట్టున ఉండాలి కాబట్టి కొండ, బురుజుపేట చూసి సరిపెట్టుకోండి. తల తిరగడం, వికారం మొదలైతే ఇంకో నాలుగడుగులే కదా అని మొండిగా నడవకుండా వెంటనే కూర్చుని ఉప్పు, పంచదార కలిపిన నీళ్లో, మజ్జిగో తాగాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడింది ఈ నగరం మీదే. వాతావరణం బాగాలేకపోతే ఓడ చెప్పిన వేళకంటే ముందే బయలుదేరవచ్చు, అటువంటి రోజున గేటుకు అరగంట దూరం దాటి వెళ్లవద్దు. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం, బీచ్‌లో విన్యాసాలు జరిగే ఏడాది వాటిని చూడడానికి జనం పోటెత్తుతారు. విన్యాసాలు చూడడానికి బాగుంటాయి గాని, ఆ సాయంత్రం ఓడ అందుకోవలసినవారు బీచ్ వైపు వెళ్లకపోవడమే క్షేమం.

తిరుగు ప్రయాణం

వెళ్లిన దూరమంతా తిరిగి నడవాలనుకోవద్దు. బీచ్ నుంచి గాని, జగదాంబ నుంచి గాని ఆటో పిలిచి పోర్టు గేటు పేరు స్పష్టంగా చెప్పండి. విశాఖ పోర్టుకు గేట్లు చాలా ఉన్నాయి. ‘పోర్టుకు పోనీ’ అంటే వేరే చివర దింపే ప్రమాదం ఉంది, అందుకే ఉదయం బయటకు వచ్చినప్పుడే గేటు పేరును, దాని ఎదుట ఉన్న గుర్తును రాసుకోవాలి. కోస్టల్ బ్యాటరీ నుంచి చేపలరేవు మీదుగా దక్షిణానికి నడిచి వెళితే దగ్గరే అనిపిస్తుంది గాని, అక్కడ కంటెయినర్ లారీల రాకపోకలు ఎక్కువ. ఆ దారి కూడా ఆటోలోనే దాటండి.

ఆటో దొరకకపోతే సిటీ బస్సు మంచి ఉపాయం. పాత పట్నం వైపు వెళ్లే బస్సుల బోర్డు మీద ‘ఓహెచ్‌పీఓ’ అని ఉంటుంది, అంటే పాత హెడ్ పోస్టాఫీసు. జగదాంబలో నిలబడి ఆ బోర్డు ఉన్న బస్సు ఎక్కితే మీరు ఉదయం నడక మొదలుపెట్టిన చోటనే దిగుతారు. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిన మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సాయంత్రం అయిదు దాటాక మాత్రం బస్సును నమ్ముకోవద్దు, ఈ రోడ్లు నిండిపోతాయి.

గేటు వద్ద ఓడ కార్డు, గుర్తింపు కార్డు చేతిలో సిద్ధంగా ఉంచుకుంటే తనిఖీ తొందరగా ముగుస్తుంది. పూర్ణా మార్కెట్‌లో కొన్న కత్తిపీట, చాకు వంటివి, మద్యం సీసాలు ఓడలోకి రానివ్వరు లేదా తీసుకుని ప్రయాణం ముగిశాక ఇస్తారు. కొనే ముందే ఆలోచించుకోండి. ఆలస్యం తప్పదని తెలిసిన క్షణమే పోర్టు ఏజెంటుకు ఫోన్ చేసి మీ పేరు, గది నంబరు, మీరున్న జంక్షన్, ఎక్కిన వాహనం నంబరు చెప్పండి. ఓడ మీ కోసం ఆగుతుందన్న హామీ లేదు. అయినా ఏజెంటుకు తెలిస్తే టెర్మినల్ వాహనాన్ని గేటు దగ్గర నిలబెట్టగలరు, ఓడ వెళ్లిపోయినా మీ సామాను, కాగితాల సంగతి తదుపరి రేవు వరకు వారే చూస్తారు.